ఎమ్మెల్యే గారి ఓట్ల చరిత్రకు నేను చేర్చిన కాలమ్

ఈ ఏడాది మా కాలేజీ నుంచి బయటికొచ్చిన ముగ్గురు జూనియర్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి ఒకే సంగతి అడిగారు. "అన్నా, ఎమ్మెల్యే ఆఫీసులో డేటా పని ఉందంటున్నారు. నువ్వు చేశావు కదా, చేరమంటావా?" ముగ్గురికీ తర్వాత చెబుతానన్నాను. ఫోన్‌లో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను.

ఆ పని నేను రెండేళ్ళ నాలుగు నెలలు చేశాను. ఇప్పుడు గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు చూసుకుంటున్నాను. వయసు ముప్ఫై ఒకటి. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు కాదని తెలుసు. కానీ ఆ ఉద్యోగం వరకు నేను రిటైరైనట్టే, మళ్ళీ ఆ గుమ్మం ఎక్కను. ఇందులో ఎవరి పేరూ రాయను. నా పేరు రాసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు గాని, దాన్ని పట్టుకుని మిగతావాళ్ళను పోల్చుకుంటారు.

నన్ను తీసుకున్నది ఒక పుస్తకం కోసం. మా ఎమ్మెల్యే గారు రాజకీయాల్లోకి వచ్చి ముప్ఫై ఏళ్ళు కావస్తున్నాయి. ఆ సందర్భంగా ఆయన రాజకీయ జీవితం, ఎన్నికల రికార్డు అంతా ఒకచోట చేర్చి పుస్తకం వేయాలనుకున్నారు. సర్పంచ్‌గా ఒకసారి, మండలాధ్యక్షుడిగా ఒకసారి, ఆ తర్వాత అసెంబ్లీకి ఐదుసార్లు పోటీ. మొదటిసారి టికెట్ రాక ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడారు. తర్వాత రెండుసార్లు వరుసగా గెలిచారు. నాలుగోసారి ఓడారు. ఐదోసారి మళ్ళీ గెలిచారు. మూడు గెలుపులు, రెండు ఓటములు. గెలిచిన మెజారిటీలు ఎంతెంతో ఆయనకు గుర్తుండేవి కావు. ఓడిన తేడా మాత్రం చివరి అంకెతో సహా చెప్పేవారు, అదీ ఎవరూ అడగకుండానే, భోజనం మధ్యలో.

ఆఫీసు ముందు గదిలో ఒక పెద్దాయన ఉండేవారు. ఒకప్పుడు చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లు గుమస్తా. ఎమ్మెల్యే గారి మొదటి పోటీ నుంచీ ఆయన వెంటే ఉన్నారు. ముస్లిం కావడంతో అందరం ఆయన్ని భాయ్ అనే పిలిచేవాళ్ళం. నియోజకవర్గంలో ఊరికి కొన్ని పేజీల చొప్పున ఆయన దగ్గర పదకొండు నోటుపుస్తకాలు ఉండేవి. చేరిన మొదటి వారం వాటిని ఆత్రంగా తెరిచాను. ఫలానా వీధిలో ఫలానా ఆయన పోయాడు, వెళ్ళలేదు, వెళ్ళాలి. ఫలానా చర్చికి షెడ్డు మాట ఇచ్చాం. ఫలానా అన్నదమ్ములకు గట్టు తగాదా, ఇద్దరి ఇంట్లోనూ టీ తాగాలి. అంతా ఇదే.

"ఓట్లేవి భాయ్, ఇందులో?" అన్నాను.

"ఓట్లు పెట్టెలో గదా ఉండేది. నా దగ్గరెందుకుంటయ్?" అన్నారు.

నేను నవ్వాను. ఆయన మీద నవ్వానని ఇప్పుడు తెలుస్తోంది.

ఎన్నికల సంఘం వాళ్ళు బూత్‌ల వారీ ఫలితాలను స్కాన్ చేసి పెడతారు. మసకగా, వంకరగా ఉన్న ఆ పేజీలను ఐదు ఎన్నికలకూ కలిపి ఒక్కో అంకె టైపు చేశాను. ఆ పనిలో నాకు చాలా సంతోషం దొరికింది, దాచుకోను. నిలువు వరుసల మొత్తాలు రిటర్నింగ్ అధికారి సంతకం పెట్టిన మొత్తంతో సరిపోయినప్పుడల్లా లేచి ఒక చుట్టు తిరిగి వచ్చేవాణ్ణి.

అప్పుడే మంచినీటి పథకం వచ్చింది. ట్యాంకు నుంచి పైపులైను వేయాల్సిన చిన్న కాలనీలు పదకొండు. వచ్చిన పైపులు ఏడింటికే సరిపోతాయి. ఇంజనీర్లు మూడు కాలమ్‌లతో ఒక పట్టిక పంపారు: జనాభా, ట్యాంకు నుంచి దూరం, ఇప్పుడున్న నీటి వసతి. వరుస మీరే తేల్చండి అని పైన రాశారు. పీఏ గారు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "దీన్ని కొంచెం నీట్‌గా చెయ్ తమ్ముడూ" అన్నారు. నీట్‌గా చేయమన్నారు, అంతే. నాలుగో కాలమ్ పెట్టమని ఎవరూ అడగలేదు.

నాలుగో కాలమ్ నా తెలివి. ఆ కాలనీ బూత్‌లో చివరి రెండు ఎన్నికల్లో మనకు పడిన ఓట్ల శాతాన్ని అందులో పెట్టాను. మొదటి మూడింటికీ తలా ఇరవై మార్కులు, దానికి నలభై. ఓట్లు అని రాస్తే మొరటుగా ఉంటుందని 'స్పందన సూచిక' అని పేరు పెట్టాను. మంచి బూత్‌లకు ఆకుపచ్చ రంగు, చెడ్డవాటికి ఎరుపు.

ఎమ్మెల్యే గారు ఆ కంప్యూటర్ తెర ముందు చాలాసేపు కూర్చున్నారు.

"ఈ ఎర్రవేంది?"

"మనకు వేయని బూత్‌లు సార్."

"రెండుసార్లూ వెయ్యలా?"

"లేదు సార్."

"వాళ్ళ చావులకు పోయింది నేను. పెళ్ళిళ్ళకు పోయింది నేను. బాగానే ఉందయ్యా!" ఆయన ముఖంలో కోపం కన్నా నొప్పి ఎక్కువ ఉంది.

గుమ్మంలో నిలబడి వింటున్న భాయ్ అన్నారు, "అవి చూడొద్దు సార్. చూస్తే మర్చిపోలేరు."

"నీ నోటుపుస్తకాల కాలం అయిపోయింది భాయ్," అని పీఏ గారు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఆఫీసులో అప్పటిదాకా పని ఎలా జరిగేదో నాకు తర్వాత అర్థమైంది. ఎన్నికలైన ప్రతిసారీ, ఓట్లు వేయని ఏదో ఒక ఊరి మొహం చూడనని ఎమ్మెల్యే గారు ఒట్టు పెట్టుకునేవారట. రెండు నెలలకు ఆ ఊరి పెద్దలు నలుగురు వచ్చేవారు. ఈయన అరగంట తిట్టేవారు, తర్వాత టీ తెప్పించేవారు, తర్వాత వాళ్ళ అర్జీ మీద సంతకం పెట్టేవారు. "సారు కోపం ఒక పంటకాలం కూడా నిలవదు," అనేవారు భాయ్. అంత పెద్ద నియోజకవర్గంలో ఎవరు వేశారో ఎవరు వేయలేదో ఆయనకు గుర్తుండదు. ఆ మరుపు మీద ఎన్నో ఊళ్ళు బతికాయి. నేను వెళ్ళి ఆయనకు గుర్తుండేలా చేశాను.

జాబితా ప్రకారం పైపులు దించడం మొదలైంది. మిరప కోతలు ముగిసి ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం ఐదుగురు ఆఫీసుకు వచ్చారు. ముందు నడిచింది ఒక అంగన్‌వాడీ టీచర్ గారు, యాభై దాటిన మనిషి. వెనక ఆమె కాలనీ చర్చి పెద్ద, ముగ్గురు కూలి ఆడవాళ్ళు. వాళ్ళ కాలనీలో ఉన్న ఒకే బోరులో ఉప్పునీళ్ళు పడతాయి. తాగే నీళ్ళకు పై ఊరి కుళాయి దగ్గర, అక్కడి వాళ్ళు పట్టుకున్న తర్వాత, వీళ్ళు నిలబడాలి.

"జాబితాలో మీది ఎనిమిదో నంబరమ్మా," అన్నారు పీఏ గారు. "ఏడు వరకే పైపులు వచ్చినయ్."

"మాకంటే దూరమున్న క్వారీ కాలనీకి పైపులు దిగినయ్ గదండీ," అన్నారు టీచర్ గారు. "వాళ్ళకు రావొద్దని కాదు. మేం ఎనిమిది ఎట్లా అయ్యామని."

"కంప్యూటర్ ఇచ్చిన వరుస. మనుషులు రాసింది కాదు."

"అయితే ఆ కంప్యూటర్‌కి మా బోరు నీళ్ళు ఓ చెంబుడు పట్టండయ్యా, ఎనిమిదో ఒకటో అదే చెప్తది," అంది వెనకున్న ఒకామె. అందరూ నవ్వారు.

నాకు ఉక్రోషం వచ్చింది. నా లెక్కను అనుమానిస్తున్నారనిపించి తెరను వాళ్ళ వైపు తిప్పాను. టీచర్ గారు కళ్ళజోడు సర్దుకుని, ఒక వరుస మీద వేలు పెట్టి, అడ్డంగా చివరి దాకా చదివారు.

"నూట పన్నెండు మాది కాదే బాబూ. మాది నూట పదమూడు."

"నూట పన్నెండేనమ్మా. లిస్టులో ఉంది."

"ఇల్లిల్లూ తిరిగి ఓటర్ల జాబితా దిద్దేది నేనే నాయనా. పై ఊళ్ళో ఓటర్లు పెరిగారని అక్కడి బూత్‌ను రెండు చేశారు. అప్పట్నుంచి మా వరస నంబర్లన్నీ ఒకటి జరిగినయ్. రెండు ఎన్నికలైంది." చెబుతూనే ఆమె ఆగారు. వేలు ఇంకా తెర మీదే ఉంది. "ఇంతకీ నీళ్ళ లెక్కలో బూత్ నంబరు ఎందుకు?"

నాలుగో కాలమ్ కనబడకుండా తెరను వెనక్కి తిప్పబోయాను.

"ఓట్లెయ్యలేదని ఆపారా?"

"మేం వేశాం గదయ్యా సామీ!" అని చర్చి పెద్ద కుర్చీలోంచి లేచాడు. "మా కాలనీ మొత్తం వేసింది!"

ఫలితాల పేజీల్లో ఉండేవి బూత్ నంబర్లు మాత్రమే. ఏ నంబరు ఏ ఊరిదో చెప్పే జాబితా వేరే ఉంటుంది. నేను వాడిన జాబితా పాతది. అందుకని పై ఊళ్ళో ప్రత్యర్థికి పడిన ఓట్లు టీచర్ గారి కాలనీ ఖాతాలో పడ్డాయి. టీచర్ గారి కాలనీ వాళ్ళు మనకు వేసిన ఓట్లు వాళ్ళ తర్వాతి నంబరైన క్వారీ కాలనీ ఖాతాలో పడ్డాయి. పదకొండింటిలో ఆ మార్పు తగిలింది ఈ రెండు కాలనీలకే, మిగతావన్నీ అంతకు ముందు నంబర్లవి. నలభై నిమిషాల్లో సరిచేశాను. టీచర్ గారి కాలనీ మూడుకు వచ్చింది. ఏడులో ఉన్న క్వారీ కాలనీ పదకొండుకు, అంటే అట్టడుక్కి పోయింది.

కొత్త జాబితా పట్టుకుని నేనే ఎమ్మెల్యే గారి గదిలోకి వెళ్ళాను. తప్పు నాదేనని ఎవరూ అడగకముందే ఒప్పుకున్నాను. ఆ క్షణంలో నేను చాలా నిజాయితీపరుణ్ణని నాకు అనిపించింది. అది తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది.

"మనోళ్ళ నోట్లోనే మట్టి కొట్టావు గదరా!" అన్నారు ఎమ్మెల్యే గారు. పీఏ గారి వైపు తిరిగి, "ఆ క్వారీ దగ్గర దింపినవి ఎత్తించి వీళ్ళకు దింపించండి," అన్నారు.

భాయ్ లోపలికి వచ్చారు. "సార్, దింపిన పైపులు ఎత్తొద్దు. ఆళ్ళు ఆశ పెట్టుకుని ఉంటారు. టీచరమ్మోళ్ళకి నేను సర్దిచెప్తా, మలి విడతలో మొదట వాళ్ళకే ఇద్దాం. ఈలోపు రోజూ ట్యాంకర్ పంపుదాం."

ఎమ్మెల్యే గారు మెత్తబడ్డారు. నాకు స్పష్టంగా కనిపించింది. పాత అలవాటు ప్రకారం ఆయన సరేననబోతున్నారు. చివరి మాటగా నన్ను అడిగారు. "ఏమయ్యా, ఆ క్వారీవాళ్ళది ఎంతకొచ్చింది?"

వాళ్ళు ఎంత దూరం నుంచి నీళ్ళు మోస్తున్నారో ఆ పట్టికలోనే ఉంది. మూడో కాలమ్, నీటి వసతి. ఆ అంకె చెప్పి ఉండొచ్చు. లేదా, సార్, ఈ నాలుగో కాలమే తప్పు అని చెప్పి ఉండొచ్చు.

"పదకొండు సార్," అన్నాను.

"ఇంకేం మరి," అన్నారు ఆయన. "చెడగొట్టింది నువ్వేగా, నువ్వే దగ్గరుండి మార్పించు."

మధ్యాహ్నం లారీలో, డ్రైవర్ పక్కన కూర్చుని, క్వారీ కాలనీకి వెళ్ళాను. అరవై ఇళ్ళుంటాయి. సున్నపురాయి దుమ్ము పడి కప్పులన్నీ ఒకే రంగులో ఉన్నాయి. కాంట్రాక్టర్ కోసం ఆగకుండా వాళ్ళే రోడ్డు నుంచి కాలనీ చివరి దాకా కాలవ తవ్వేసుకున్నారు. రాళ్ళు కొట్టే చేతులు కదా, దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. పైపులు దాని పక్కనే పేర్చి ఉన్నాయి. అన్నిటికన్నా పైనున్న పైపుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు.

వాళ్ళ మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. "రాండి సార్! పని మొదలెడతన్నారా?"

ఆయనకేం చెప్పాలో దారిలో నేను అనుకోలేదు. అప్పటికప్పుడు నోటికి వచ్చింది.

"సైజు తేడా పడింది. ఇవి వేరే ఊరివి, ఇక్కడ పొరపాటున దింపారు."

"ఇవి మూడంగుళాలేగా? మాకెంత రావాల?"

"నాలుగు."

ఆయన ముఖం విచ్చుకుంది. వెనక్కి తిరిగి కేక పెట్టాడు. "ఒరేయ్, రాండిరా ఇటు! మనకు నాలుగంగుళాలవి వస్తన్నయ్యంట! ఇవి ఎత్తి లారీలో పెట్టండి, పాపం సారు ఒక్కడే వచ్చాడు!"

ఇరవై మంది దాకా వచ్చారు. అరుపులు, నవ్వులు. "ఏరా, తిన్నది ఎక్కడికి పోయింది, సరిగ్గా పట్టు!" అని ఒకడు, "నీలాగా రాళ్ళు తిని పెరిగామా!" అని ఇంకొకడు. గంట కూడా పట్టలేదు. లారీ నిండింది. ఒక ముసలామె స్టీలు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది. వాళ్ళు మోసుకొచ్చే నీళ్ళ ఉప్పదనం టీలో కూడా తెలిసింది.

"ఎప్పటికొస్తయ్ నాయనా, పెద్దవి?" అని అడిగింది.

"పది రోజుల్లో," అన్నాను.

త్వరలో అని ఉండొచ్చు. ఊరికే చూద్దాం అని ఉండొచ్చు. అంకె చెప్పకపోతే నాకు తోచదు. అబద్ధంలోనూ అంకె చెప్పాను.

అక్కడి నుంచి టీచర్ గారి కాలనీకి పావుగంట. మమ్మల్ని చూసి జనం పరుగెత్తుకొచ్చారు. చర్చి పెద్ద చేతులెత్తి దండం పెట్టాడు. మొదటి పైపు దించుతుంటే అందరూ ఒక్కసారి ఆగారు. అది పసుపు రాసిన పైపు. ఆ కాలనీలో ఎవరూ పైపుకు పసుపు రాయరు. గోడౌన్ నుంచి నేరుగా వచ్చిన పైపుకు కుంకుమ బొట్లు ఉండవని కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇవి ఎవరివి బాబూ?" అన్నారు టీచర్ గారు.

చెప్పాను. ఆమెతో అబద్ధం చెప్పలేకపోయాను. అది నా మంచితనం కాదు, పసుపు కనిపిస్తోంది.

"నంబరు తప్పని చెప్పా గాని, వాళ్ళ నోటి దగ్గరి నీళ్ళు తెమ్మన్నానా?"

వెనక ఒక కుర్రాడు గట్టిగా అన్నాడు. "ఏంది టీచర్ గారూ, వద్దని పంపిస్తామా? మళ్ళీ ఎవడిస్తాడు మనకి?" ఇంకొకామె, "మా పాప రెండు బిందెలు మోసి మోసి మెడ పట్టేసిందమ్మా," అంది. వాదించుకున్నారు. చివరికి దించారు. దించకుండా ఎలా ఉంటారు? టీచర్ గారు మాత్రం చెయ్యి వేయలేదు. కొంగు తడిపి ఆ ఒక్క పైపు మీది పసుపు తుడవబోయి, మళ్ళీ ఏమనుకున్నారో ఆపేశారు. నా వైపు చూడకుండా అడిగారు.

"వాళ్ళ నంబరు ఎంతిప్పుడు?"

"పదకొండు."

"నీ కంప్యూటర్లో ఎవరో ఒకరు పదకొండు కావాలి గదా, పాపం," అన్నారు.

మరునాడు ఆఫీసులో భాయ్ నాతో ఒకే మాట అన్నారు. "సారు నిన్నడిగాడు అబ్బాయ్. ఆ గదిలో మాలో ఎవర్నీ కాదు, నిన్నే అడిగాడు." ఆ తర్వాత పనికి అవసరమైనంత వరకే మాట్లాడారు.

దీనివల్లే ఉద్యోగం మానేశానని చెప్పుకోగలిగితే బాగుండేది. మానలేదు. ఇంకా ఏడు నెలలు ఉన్నాను. పుస్తకం పూర్తి చేశాను. ఆ నీటి పథకానికి ఒక పేజీ కేటాయించి, టీచర్ గారి కాలనీలో మొదటి కుళాయి తిప్పుతున్న ఎమ్మెల్యే గారి ఫోటో వేశాను. దాని కింద రెండు వాక్యాలు రాసింది నేనే. ఎన్నికల రికార్డు అనుబంధంలో ప్రతి బూత్ నంబరూ ఊరి పేరుతో సరిచూశాను. ఇప్పుడు అందులో ఒక్క తప్పు లేదు. మలి విడత పైపులు నేనున్నంతకాలం రాలేదు. కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం దొరికింది, ఇంటికి దగ్గరని వెళ్ళాను. అంతే కారణం. ఎమ్మెల్యే గారు ఆ తర్వాత నిలబడ్డారా, గెలిచారా అన్నది రాయను, రాస్తే ఆయనెవరో తెలిసిపోతుంది.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం బండి మీద క్వారీ కాలనీకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో సరిగ్గా చెప్పలేను. ఎవరూ గుర్తుపట్టరని అనుకున్నాను. మేస్త్రి దూరం నుంచే గుర్తుపట్టి ఎదురొచ్చాడు.

"సారూ! నాలుగంగుళాలవి దొరికినయ్యా?"

ఆయన వెనక కాలవ కనిపించింది. ఏడాది దాటినా పూడ్చలేదు. పైగా మునుపటి కంటే వెడల్పుగా ఉంది. నేను దాని వైపు చూడటం గమనించి ఆయనే చెప్పాడు. "పెద్దవి వస్తయ్యన్నారు గదా, సరిపోదని మళ్ళీ చెక్కాం. వానలకు గట్లు రెండుసార్లు జారినయ్, రెండుసార్లూ తీశాం."

అక్కడే నిలబడి అంతా చెప్పాను. సైజు తేడా లేదని, నాలుగంగుళాలవి ఎప్పుడూ లేవని, ఓట్లు చూసి వరుస కట్టింది నేనేనని, ఆఖరికి నన్నడిగినప్పుడు పదకొండు అన్నది కూడా నేనేనని. జనం పోగయ్యారు. తిడతారనుకున్నాను, కొడతారేమోనని కూడా అనుకున్నాను. అలా ఏమీ జరగలేదు. మేస్త్రి కాలవ వైపు ఒకసారి చూసి అన్నాడు.

"తీసుకుపోతే తీసుకుపోయావు. మా చేతే ఎత్తించావే."

ఆయన ఇంట్లోకి వెళ్ళి పార తెచ్చాడు. "పిల్లలు పడుతున్నారు ఇందులో," అని ఎవరితోనో అన్నట్టు అని, గట్టు మీది మట్టి కాలవలోకి లాగడం మొదలుపెట్టాడు. ఇంకో నలుగురు వచ్చి కలిశారు. నేను దగ్గరికి వెళ్ళి ఒక పార ఇవ్వమని చెయ్యి చాపాను.

"నువ్వొద్దులే," అన్నాడు, తల ఎత్తకుండా.

వాళ్ళు సగం దాకా పూడ్చేవరకు రోడ్డు పక్కన నిలబడి, వచ్చేశాను.